నల్ల సాస్, పచ్చి ఉల్లిపాయ

కొరియాలో వీధి చివరి చైనా హోటల్‌కి వెళ్ళి మెనూ తిరగేసేవాణ్ణి చూస్తే కొత్తవాడని ఇట్టే తెలిసిపోతుంది. గోడ మీది బోర్డులో యాభై రకాలు రాసి ఉంటే ఉండనీండి, లోపలికొచ్చేవాళ్ళ మనసులో నలిగేది ఒక్కటే ప్రశ్న: ఇవాళ జాజాంగ్‌మ్యోనా, జంపోంగా? మొదటిది నల్లటి సాస్ పోసిన నూడుల్స్. రెండోది ఎర్రగా కారంగా ఉండే పులుసులో ఆల్చిప్పలూ స్క్విడ్ ముక్కలూ తేలే నూడుల్స్. ఒకటి తెప్పించుకుంటే పక్క బల్ల మీది రెండోది నోరూరిస్తుంది. ఈ ఊగిసలాట ఎంత పాతదంటే, చివరికి మధ్యలో అడ్డుగోడ ఉన్న గిన్నెలు తయారుచేసి, ఒక సగంలో ఇది, ఇంకో సగంలో అది వేసి, జంజామ్యోన్ అని అమ్మడం మొదలుపెట్టారు. నాకు ఆ గిన్నె అస్సలు నచ్చదు. అందులో కలపడానికి చోటుండదు. జాజాంగ్‌మ్యోన్‌లో సగం వంట కలపడంలోనే ఉంది మరి.

నేను ఇంచియాన్‌లో ఉన్న రోజుల్లో తరచూ వెళ్ళిన హోటల్ చైనాటౌన్‌లో లేదు. అక్కడికి కొంచెం దూరంలో, బస్టాపు వెనక సందులో ఉండేది. చైనాటౌన్‌లో ఎర్ర లాంతర్లు, డ్రాగన్ బొమ్మలు, ఫొటోలు దిగే జనం. అక్కడి గిన్నెకు ధర ఎక్కువ, శ్రద్ధ తక్కువ అని నా అభిప్రాయం. సందులోని హోటల్‌లో అలంకారమేమీ లేదు. గోడకు ఒక క్యాలెండరు, ఎవరూ చూడని టీవీ, నాలుగైదు బల్లలు. బల్ల మీద వెనిగర్ సీసా, సోయా సాస్, కారప్పొడి డబ్బా. చాప్‌స్టిక్స్ బల్ల సొరుగులో ఉంటాయి, మనమే తీసుకోవాలి. మంచినీళ్ళు కూడా మనమే పట్టుకోవాలి. వడ్డించే ఆవిణ్ణి వయసుతో నిమిత్తం లేకుండా అందరూ ‘ఇమో’ అనే పిలుస్తారు, పిన్నీ అన్నట్టు. ఆవిడ వంటింటి వైపు తిరిగి ఒక్క కేక వేస్తుంది. అంతే, ఆర్డరు వెళ్ళిపోయినట్టే.

కేక వినపడ్డ మరుక్షణం ఇంకేమీ రాకముందే ఒక చిన్న పళ్ళెం వస్తుంది. అందులో పసుపు రంగు ముల్లంగి ఊరగాయ ముక్కలు, తరిగిన పచ్చి ఉల్లిపాయ, పక్కన ఒక చెంచాడు చున్‌జాంగ్ అనే నల్లటి ముద్ద. ముల్లంగి పేరు దన్‌ముజి. అది జపాన్ వాళ్ళ వంటింటి నుంచి వచ్చింది. ఉల్లిపాయ చైనా వాళ్ళ అలవాటు. వీటికి డబ్బుల్లేవు, ఎన్నిసార్లు అడిగినా పెడతారు. పైన వెనిగర్ కాస్త చల్లి, ఉల్లిపాయ రేకును చున్‌జాంగ్‌లో ముంచి కొరికితే ముక్కు ఘాటెక్కుతుంది. ఉల్లిపాయ నంజుకోకుండా అన్నం దిగని ఇళ్ళలో పెరిగిన మనకు ఇక్కడ కొత్తేమీ ఉండదు. ఆ ఉల్లిపాయ తాజాగా, కరకరలాడుతూ ఉంటే మిగతా తిండీ బాగుంటుందని ధైర్యంగా చెప్పొచ్చు. పొద్దున్న తరిగి పెట్టి వాడిపోయిన ఉల్లిపాయ వచ్చిందా, వంటవాడికి ఆ పూట మనసు లేదని అర్థం.

ఇక వంటింటి చప్పుడు. నూడుల్స్ చేత్తో లాగే హోటళ్ళు ఇప్పుడు తక్కువే, చాలా చోట్ల యంత్రమే పని చేస్తుంది. చేత్తో లాగే చోటైతే పిండిముద్దను బల్లకేసి బాదే శబ్దం వీధిలోకి వినిపిస్తుంది. వంటవాడు ముద్దను రెండు చేతులా పట్టి, బారు సాగదీసి, బల్లకు కొట్టి, మడిచి, మెలిపెట్టి, మళ్ళీ సాగదీస్తాడు. మడిచినప్పుడల్లా పోగులు రెట్టింపవుతాయి. చూస్తూండగానే ముద్ద కాస్తా దారాలైపోతుంది. పిండిలో కలిపే క్షారం వల్ల ఆ దారాలకు సాగే గుణం, లేత పసుపు రంగు వస్తాయి. నేను వెళ్ళే హోటల్‌లో యంత్రమే ఉండేది. అందుకు నాకు చింత లేదు. అక్కడ చూడాల్సింది పొయ్యి దగ్గర.

చున్‌జాంగ్ అంటే సోయా గింజలు, గోధుమ పిండి పులియబెట్టి చేసే ముద్ద. కారమెల్ కలపడం వల్ల తారులా నల్లగా ఉంటుంది. పచ్చిగా నాలిక్కి తగిలితే ఉప్పగా, చేదుగా, కొంచెం పుల్లగా ఉంటుంది. దాన్ని ముందు బోలెడంత నూనెలో సన్నని సెగ మీద కలియబెడుతూ వేయించాలి. తొందరపడితే మాడుతుంది, బద్ధకిస్తే చేదు పోదు. తర్వాత పెద్ద మంట మీద ఇనప బాణలిలో పంది మాంసం ముక్కలు, ఉల్లిపాయలు, క్యాబేజీ ఎగరేసి, ఈ వేయించిన ముద్ద కలిపి, నీళ్ళు పోసి, చివర్లో పిండి కలిపిన నీళ్ళతో చిక్కబరుస్తారు. మామూలు జాజాంగ్ ఇదే. పొద్దున్నే పెద్ద గిన్నెడు చేసి పెట్టుకుంటారు, నూడుల్స్ ఉడకగానే పైన గరిటెడు పోసి ఇస్తారు. ఇందులో గన్‌జాజాంగ్ అని ఇంకో రకం ఉంది. నీళ్ళూ, పిండీ లేకుండా, అడిగిన తర్వాతే బాణలి పెట్టి వేయించేది. సాస్ వేరే గిన్నెలో పొగలు కక్కుతూ వస్తుంది. ఉల్లిపాయ ఇంకా కరకరలాడుతుంటుంది. కాస్త ఎక్కువ డబ్బులు పెట్టగలిగితే అదే తినమంటాను.

గిన్నె ముందుకొచ్చాక ఆలస్యం పనికిరాదు. నూడుల్స్ పైన నల్లటి సాస్, ఆ పైన సన్నగా తరిగిన కీరదోస. బుసాన్ వైపు అయితే పైన ఒక వేయించిన గుడ్డు. చూడ్డానికి బాగుందని ఫోన్ తీసి ఫొటోలు కొడుతూ కూర్చుంటే అడుగున నూడుల్స్ ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి. చాప్‌స్టిక్స్ రెండు చేతుల్లోకీ చెరొకటి తీసుకోవాలి. గిన్నె అంచు నుంచి అడుగుకు దింపి, నూడుల్స్ పైకెత్తి, సాస్ కిందికి జారేలా వదిలి, గిన్నె కొంచెం తిప్పి మళ్ళీ ఎత్తాలి. పైపైన తిప్పితే పైన నలుపు, కింద తెలుపు మిగులుతాయి. తెల్లటి పోగు ఒక్కటీ కనిపించకూడదు. ముద్దపప్పూ అన్నమూ వేళ్ళతో కలిపేటప్పుడు అడుగున తెల్ల మెతుకు మిగిలితే మా అమ్మమ్మ కంచం మళ్ళీ తన వైపు లాక్కునేది. ఆ శిక్షణ ఇక్కడ బాగానే అక్కరకొచ్చింది. కలపడం పూర్తయిందని చెవికే తెలుస్తుంది. మొదట్లో పొడిగా ఉండే చప్పుడు కాస్తా తడిగా, జిగురుగా మారుతుంది. అప్పుడు కారప్పొడి చల్లుకోవాలనుకుంటే చల్లుకుని, తల గిన్నె మీదికి వంచి జుర్రుకోవడమే. చప్పుడు చేస్తున్నామని ఎవరూ తల తిప్పరు. మూతి చుట్టూ నల్లగా అంటుకున్నా ఎవరూ నవ్వరు, వాళ్ళ మూతులూ అలాగే ఉంటాయి.

ఇంకో చోద్యం చెప్పాలి. కొందరి గిన్నెలో సగం తినేసరికి సాస్ నీళ్ళలా పలచబడిపోతుంది. పక్కనే కూర్చున్న మనిషి గిన్నెలో మాత్రం చివరిదాకా చిక్కగానే ఉంటుంది. హోటల్‌ వాడు నీళ్ళు కలిపాడని అనుమానపడనక్కర్లేదు. లాలాజలంలో ఉండే అమిలేజ్ అనే ఎంజైమ్ సాస్‌ని చిక్కబరిచిన పిండిపదార్థాన్ని విడగొడుతుంది. నూడుల్స్ సగం కొరికి మిగతాది గిన్నెలో వదిలేవాళ్ళ దగ్గర ఇది త్వరగా జరుగుతుంది. అంటే తినే తీరు గిన్నెలోనే రాసి ఉంటుందన్నమాట. గన్‌జాజాంగ్‌లో పిండి వెయ్యరు కాబట్టి ఈ గొడవ లేదు.

ఈ తిండి పేరుకే చైనాది. చైనాలోని షాన్‌డాంగ్ ప్రాంతంలో పులియబెట్టిన సోయా ముద్ద వేయించి నూడుల్స్‌లో కలుపుకునే అలవాటు ఉంది. అది గోధుమ రంగులో, ఉప్పగా, కొంచెమే వేసుకునే రకం. 1882లో చింగ్ రాజవంశపు చైనా సైన్యం కొరియాకు వచ్చినప్పుడు వెంట వర్తకులూ వచ్చారు. 1883లో ఇంచియాన్ రేవు తెరుచుకుంది. పసుపు సముద్రానికి అవతలే ఉన్న షాన్‌డాంగ్ నుంచి కూలీలు, వర్తకులు వచ్చి దిగారు. వాళ్ళ వెంటే ఆ నూడుల్స్ వచ్చాయి. ఇంచియాన్‌లో గొంగ్వాచున్ అనే పాత హోటల్‌ భవనం ఉంది. జాజాంగ్‌మ్యోన్ అక్కడే పుట్టిందని చెప్పుకుంటారు. హోటల్‌ 1983లో మూతబడింది. 2012 నుంచి ఆ భవనం జాజాంగ్‌మ్యోన్ మ్యూజియం. రేవులో బరువులు మోసేవాళ్ళు నిలబడి తినే తిండి ఫలానా గది లోపల పుట్టిందంటే నేను నమ్మను గానీ, మ్యూజియం బాగుంటుంది, వెళ్ళండి.

షాన్‌డాంగ్ నుంచి అలా వచ్చినవాళ్ళ సంతతిని హ్వాగ్యో అంటారు. చైనాలో కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చాక అటు దారి మూసుకుపోయింది. ఇటు కొరియాలో వాళ్ళ వర్తకం దెబ్బతింది. 1960లు, 70లలో విదేశీయులు భూమి కొనకుండా ఆంక్షలు వచ్చాయి. పుట్టి పెరిగిన దేశంలోనే వాళ్ళు విదేశీయులు. చేతిలో మిగిలింది బాణలి ఒక్కటే. చాలామంది హోటళ్ళు పెట్టారు, చాలామంది విసిగి అమెరికాకో, తైవాన్‌కో వెళ్ళిపోయారు. శాశ్వత నివాస హక్కు 2002లో గానీ రాలేదు. కొరియా వాళ్ళ నాలుకకు తగ్గట్టు సాస్‌ని తియ్యగా, నల్లగా, నీరుగా మార్చింది బతకడం కోసమే. సాయంత్రమయ్యేసరికి బజార్లో ఫాస్ట్‌ఫుడ్ బండి ముందు నిలబడి గోబీ మంచూరియా తినే మనకు ఇది వింత కాదు. ముంబయిలో 1975 ప్రాంతంలో చికెన్ మంచూరియా చేశాడని చెప్పే నెల్సన్ వాంగ్ కలకత్తాలో పుట్టిన చైనా సంతతి మనిషి. 1962లో చైనాతో యుద్ధమప్పుడు మన దేశంలోని చైనా సంతతి కుటుంబాలను రాజస్థాన్‌లోని దేవలీ క్యాంపులో పెట్టారు. మంచూరియా బండ్లు వీధివీధికీ వచ్చాయి గానీ ఆ సంగతి మన పాఠ్యపుస్తకాల్లోకి రాలేదు. అందుకే జాజాంగ్‌మ్యోన్ అసలైన చైనా తిండేనా అని ఎవరైనా అడిగితే నాకు విసుగొస్తుంది. ఎవరి వంట, ఎక్కడ, ఎందుకలా మారిందన్నదే నాకు రుచించే ప్రశ్న.

ఈ తిండి చౌక ఎలా అయిందన్నది ఇంకో కథ. కొరియా యుద్ధం తర్వాత అమెరికా సాయంగా గోధుమలు గుట్టలుగా వచ్చిపడ్డాయి. బియ్యానికి కరువు. 1960లు, 70లలో ప్రభుత్వమే బియ్యం తగ్గించి గోధుమ పిండితో చేసిన తిండి తినమని ప్రచారం చేసింది. నూడుల్స్ అందరికీ అందుబాటులోకొచ్చాయి. ఇంట్లో వండుకోవడం కష్టం, కొనుక్కోవడం తేలిక. అందుకని బడి చదువు పూర్తయిన రోజున, ఇల్లు మారిన రోజున అదే తిండి. సామాన్లింకా విప్పలేదు, గిన్నెలెక్కడున్నాయో తెలియదు, నేల మీద పాత పేపరు పరిచి, ఫోన్ చేసి తెప్పించుకోవడమే. మోటార్‌సైకిల్ మీద కుర్రాడు రేకు పెట్టెలో గిన్నెలు పెట్టుకుని వచ్చేవాడు. పైన ప్లాస్టిక్ పొర చుట్టి ఉండేది. తిన్నాక గిన్నెలు తలుపు బయట పెట్టేస్తే తర్వాత వచ్చి పట్టుకుపోయేవాడు. సాస్ కారే ఇలాంటి తిండిని నగరమంతా ఇంటింటికీ చేర్చి, ఖాళీ గిన్నెలు వెనక్కి తెచ్చుకున్నారు చూడండి, ఆ పనితనానికి దండం పెట్టాలి. ఇప్పుడు యాప్‌లొచ్చి వాడి పారేసే డబ్బాలు వచ్చాయి. డబ్బా అడుగు చదునుగా ఉంటుంది, మూలల్లో సాస్ దాక్కుంటుంది, సరిగ్గా కలపలేం. హోటల్‌కి నడిచి వెళ్ళి తినమనడానికి అదొక్క కారణం చాలు నాకు.

నలుగురు కలిసి వెళ్తే తాంగ్‌సుయుక్ తెప్పిస్తారు. పిండిలో ముంచి వేయించిన పంది మాంసం, పులుపూ తీపీ కలిసిన సాస్. సాస్ పైన పోసెయ్యాలా, ముక్క ముక్కా ముంచుకోవాలా అన్నదాని మీద స్నేహితుల మధ్య మాటలు పెరుగుతాయి. నాది ముంచుకునే పార్టీ, చర్చ అక్కర్లేదు. పెద్ద ఆర్డరుకు వేయించిన మాందు కుడుములు ఉచితంగా ఇస్తారు. ఊరికే వచ్చేది కాబట్టి వాటిని ఎవరూ పట్టించుకోరు. 2003లో పార్క్ చాన్‌ఊక్ తీసిన ‘ఓల్డ్‌బాయ్’ సినిమాలో పదిహేనేళ్ళు ఒక గదిలో బందీగా ఉన్న మనిషికి ఇవే కుడుములు పెడతారు. బయటపడ్డాక అతను ఆ రుచిని బట్టే హోటల్ ఏదో పట్టుకుంటాడు. ఒక్కో హోటల్‌కి ఒక్కో నూనె వాసన ఉంటుందని నాకూ తెలుసు కాబట్టి ఆ కథ నమ్మబుద్ధేసింది.

సియోల్‌లో ఇప్పుడు గిన్నె జాజాంగ్‌మ్యోన్ సగటు ధర 7,000 వోన్‌లు దాటింది. మన డబ్బుల్లో నాలుగు వందల పైమాటే. అక్కడ అది చౌక కిందే లెక్క. వినియోగదారుల సంస్థ బయట తిండి ధరల జాబితాలో దీన్నీ లెక్కగడుతుంది, పెరిగిన ప్రతిసారీ పేపర్లలో వార్తవుతుంది. టిప్పు ఇవ్వక్కర్లేదు. లేచి కౌంటర్ దగ్గర డబ్బు కట్టి బయటపడొచ్చు. కూర్చుని కబుర్లాడటానికి కాదు ఆ హోటల్. పక్కన ఎవరో నిలబడి మన బల్ల కోసమే చూస్తుంటారు.

పంది మాంసం తినని మనవాళ్ళు అక్కడికి చదువుకో, ఉద్యోగానికో వెళ్తే ఒక మాట. మామూలు జాజాంగ్‌లో ముక్కలు ముందే ఉడికి ఉంటాయి, వాటిని ఏరిపెట్టమంటే కుదరదు. గన్‌జాజాంగ్ అప్పటికప్పుడు వేయించేది గనక ‘గోగి పె జుసేయో’ అంటే మాంసం లేకుండా చేసిపెట్టొచ్చు. నూనె మాత్రం పంది కొవ్వు కావచ్చు, అదీ అడిగి తెలుసుకోండి. అడిగేదేదో రెండు గంటలకు, జనం పలచబడ్డాక అడగండి. పన్నెండున్నరకు అడిగితే మాత్రం ఇమో ముఖంలోనే జవాబు కనిపిస్తుంది.