కాలేయానికీ రాత్రి కావాలి

స్కాన్ రిపోర్టులో ‘గ్రేడ్-1 ఫ్యాటీ లివర్’ అని రావడం బెజవాడలో ఇప్పుడు వింతేమీ కాదు. "గ్రేడ్ వన్నే కదండీ" అంటూ కాగితం మడిచి బీరువాలో పెట్టేస్తున్నాం. మందు ముట్టనివాళ్లకూ కాలేయంలో కొవ్వు పేరుకుంటుందని, అన్నం తగ్గించి నడవాలని చాలామందికి తెలిసింది. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావని మాత్రం అడిగేవాళ్లు తక్కువ.

చాలాకాలం పత్రికలో నైట్ డ్యూటీ చేసినవాణ్ణి. ఆఖరి పేజీ ప్రెస్సుకు వెళ్లాక బస్టాండు దగ్గర బండి మీద ఇడ్లీ తిని ఇంటికి చేరేవాళ్లం. లారీ డ్రైవర్లు, ఆటోనగర్ మెకానిక్కులు, డ్యూటీ దిగిన నర్సులు అక్కడే కలిసేవారు. కైకలూరు వైపు రొయ్యల రైతులదీ ఇదే బతుకు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది. ఆ వేళ ఏరేటర్ ఆగితే పంటే పోతుంది. వాళ్లను పెందలాడే పడుకోమనడానికి నాకు నోరు రాదు.

అయితే కాలేయానికీ ఒక గడియారం ఉంది. కణాల్లో ఈ గడియారాలు ఎలా నడుస్తాయో తేల్చినవారికి 2017లో నోబెల్ వచ్చింది. మెదడులోది వెలుతురును బట్టి నడుస్తుంది, కాలేయంలోది ముఖ్యంగా తిండివేళను బట్టి. అర్ధరాత్రి బిర్యానీతో రెండింటికీ పొంతన తప్పుతుంది. నిద్ర చాలకపోతే ఇన్సులిన్ సరిగా పనిచేయదు, ఆకలి పెరుగుతుంది, మిగులు చక్కెర కాలేయంలో కొవ్వవుతుంది. హైదరాబాద్‌లో పరీక్షించిన 345 మంది ఐటీ ఉద్యోగుల్లో 84 శాతం మందికి ఫ్యాటీ లివర్ ఉన్నట్టు 2025లో వెల్లడైంది. అందులో నిద్ర వాటా ఎంతో విడదీయలేం గానీ, చైనాలో 5,011 మందిపై జరిగి 2022లో వచ్చిన అధ్యయనం మాత్రం నిద్రనే చూసింది. పొద్దుపోయి పడుకునేవారిలో, గురక పెట్టేవారిలో, పగటి కునుకు అరగంట దాటినవారిలో ఫ్యాటీ లివర్ ఎక్కువగా కనిపించింది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది గురకే. "ఆదమరిచి నిద్రపోతున్నాడు" అని మనవాళ్లు మురిసిపోతారు. ఊపిరి ఆగి ఆగి వస్తుంటే అది సుఖనిద్ర కాదు, స్లీప్ అప్నియా. రక్తంలో ఆక్సిజన్ రాత్రంతా పదేపదే పడిపోతుంది. ఆ దెబ్బ కాలేయానికీ తగులుతుంది.

ఇప్పుడు మా ఇంట్లో ఎనిమిదింటికల్లా భోజనాలైపోతాయి, ఫోన్లు హాల్లోనే ఉంటాయి. 2021లో కేంద్రం ఫ్యాటీ లివర్‌ను జాతీయ ఆరోగ్య కార్యక్రమంలో చేర్చింది. ఆ కార్యక్రమంలో బీపీ, షుగర్ రాసే కాగితంలోనే పడుకునే వేళ, గురక రాసే గడి కూడా ఉండాలి. అది వచ్చేదాకా ఆగకండి. రిపోర్టు చూపించడానికి వెళ్లినప్పుడు మీ ఆయన గురక సంగతి మీరే డాక్టరుగారికి చెప్పండమ్మా.