ఎంత కట్టగలవు?

కరెంటు బిల్లు రెండు మూడు నెలలు ఆగిందంటే ఇంట్లో మాటలు తగ్గిపోతాయి. బిల్లు కాగితాలు టీవీ కింద చేరతాయి. లైన్‌మన్ వీధిలోకి వచ్చాడంటే తలుపు దగ్గరగా వేసుకుంటారు. ఫ్యూజు పీకితే చుట్టుపక్కల అందరికీ తెలిసిపోతుందన్న భయంతో ఐదు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కట్టినవాళ్లు మా బస్తీలో ఉన్నారు. కరెంటు బాకీ తీరుతుంది, వడ్డీ బాకీ మొదలవుతుంది.

ఇలా చిక్కుకున్నవాళ్లకు తోడుగా నేను కరెంటు బిల్లుల లెక్కలు చూసే విద్యుత్ రెవెన్యూ కార్యాలయానికి (ఈఆర్‌ఓ) వెళ్తుంటాను. అధికారి ముందు నిలబడగానే చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "వచ్చే నెల మొత్తం కట్టేస్తా సార్." సిగ్గే వాళ్లచేత అలా అనిపిస్తుంది. వచ్చే నెల వస్తుంది, డబ్బు రాదు. రెండోసారి వెళ్లినప్పుడు ఆ మనిషి మాట ఎవరూ నమ్మరు. అందుకే ఈ పనిలో అన్నిటికంటే కష్టమైనది, నేర్చుకోవలసినది, కట్టగలిగినంత మాత్రమే చెప్పడం అంటాను.

అంతకంటే ముందు అసలు బాకీ నిజమో కాదో చూడాలి. రీడింగ్ తీసేవాళ్లు ఒక నెల రాకపోయి, మరుసటి నెల రెండు నెలల యూనిట్లూ ఒకే బిల్లులో వేస్తే శ్లాబు మారిపోతుంది. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన రేట్ల ప్రకారం నెలకు 180 యూనిట్లు కాల్చే ఇంటికి ఎనర్జీ చార్జీ 724 రూపాయలు, రెండు నెలలకు 1,448. అవే 360 యూనిట్లను ఒకే నెలవిగా లెక్కిస్తే 2,330. ఒక్క యూనిట్ కూడా ఎక్కువ కాల్చకుండా 882 రూపాయలు మీద పడ్డాయి. నెలలవారీగా విడదీసి లెక్కగట్టమని కాగితం రాసి అడగాలి.

చట్టం కూడా కొంత అండగా ఉంది. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం పూర్తిగా 15 రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఇవ్వకుండా బాకీ కోసం కరెంటు తీయకూడదు. బిల్లు తప్పంటూ వివాదం ఉంటే, అడిగిన మొత్తమో, గత ఆరు నెలల సగటు లెక్కన వచ్చే మొత్తమో, ఏది తక్కువైతే అది అభ్యంతరం తెలుపుతూ కట్టవచ్చు. వివాదం తేలేదాకా కనెక్షన్ ముట్టుకోకూడదు. ఈ సంగతి తెలిసి కౌంటరు ముందు నిలబడ్డ మనిషి గొంతు వేరుగా ఉంటుంది. నేను చూశాను.

బాకీ నిజమే అయితే ఇంటి లెక్క రాయాలి. మా వీధిలో రెండిళ్లలో వంట చేసే ఒకామెకు, మీటరు ఆగిపోయిన నెలలకు కలిపి 9,600 ఒకేసారి వచ్చింది. సగం వెంటనే కట్టమన్నారు. ఆమె సరేననబోయింది. ఆఫీసుకు వెళ్లే ముందు రోజు రాత్రి నోటుబుక్కులో అద్దె, బియ్యం, పిల్లాడి ఫీజు, చీటీ అన్నీ రాసి చూస్తే నెలకు 1,500 మిగిలింది. అందులో కొత్త బిల్లుకు 700 పక్కన పెట్టాలి. కొత్త బిల్లు ఆగితే ఎన్ని కిస్తీలు కట్టినా బాకీ బాకీగానే ఉంటుంది. ఇక మిగిలేది 800.

"గింత తక్కువ చెప్తే సారు నవ్వడా అన్నా?" అంది.

సారు నవ్వలేదు. ఆ నోటుబుక్కు తీసుకుని పూర్తిగా చదివాడు. చివరికి పండక్కని దాచుకున్న 2,400 ముందు కట్టేటట్టు, తర్వాత తొమ్మిది నెలలు 800 చొప్పున ఇచ్చేటట్టు ఒప్పుకున్నారు. కిస్తీ తేదీ జీతం వచ్చే రోజుకు రెండు రోజుల తర్వాత పెట్టించాం. దరఖాస్తు రెండు కాపీలు రాసి, ఒకదాని మీద ముద్ర వేయించుకుని ఆమె దగ్గరే ఉంచాం. నోటిమాట ఆ అధికారి బదిలీతో పోతుంది.

కిస్తీ అడగడం బిచ్చమెత్తడం అనుకునేవాళ్లకు నేను 2020 గుర్తుచేస్తాను. లాక్‌డౌన్‌లో రీడింగులు ఆగి, జూన్‌లో బిల్లులు ఒక్కసారిగా మీద పడ్డప్పుడు తెలంగాణ ప్రభుత్వమే మూడు కిస్తీల్లో కట్టే వీలు కల్పించింది. అందరికీ ఒకేసారి కష్టం వస్తే దొరికిన వెసులుబాటు ఒక్క ఇంటికి కష్టం వస్తే ఎందుకు దొరకకూడదు?

మన విద్యుత్ చట్టంలో మాత్రం కిస్తీ హక్కుగా ఎక్కడా రాయలేదు. బ్రిటన్‌లో ఆఫ్‌జెమ్ అనే నియంత్రణ సంస్థ ఇచ్చే లైసెన్సు షరతుల్లో, బాకీ కిస్తీ నిర్ణయించేటప్పుడు ఆ ఇంటివాళ్లు ఎంత కట్టగలరో కంపెనీ కనుక్కుని తీరాలని ఉంది. ఇక్కడ అది ఎదుటి కుర్చీలో కూర్చున్న మనిషి మంచితనం మీద ఆధారపడింది. ఇది నన్ను బాధపెడుతుంది. మంచి అధికారి దొరికినవాళ్ల ఇంట్లో ఫ్యాను తిరగడం, దొరకనివాళ్ల పిల్లలు చీకట్లో చదవడం సరికాదు.

కరెంటు రేట్లు నిర్ణయించే విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ) టారిఫ్ మీద బహిరంగ విచారణలు పెడుతుంది. ఎవరైనా అభ్యంతరాలు, సూచనలు రాసి ఇవ్వవచ్చు. కిస్తీ నిర్ణయించే ముందు ఇంటి రాబడి, ఖర్చులు అడిగి తీరాలన్న నిబంధన పెట్టమని ఈసారి నేను రాసి ఇస్తున్నాను.