ముందు కెమెరా మెనూ, తర్వాతే గ్రాఫిక్స్ కార్డు

రామచంద్రాపురం నుంచి పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం మీదుగా సంగారెడ్డి దాకా 65వ నంబరు జాతీయ రహదారి పొడవునా ఫొటో స్టూడియో బోర్డులకు కొదవ లేదు. వాళ్ల పని పెళ్లిళ్లతోనే అయిపోదు. బీరంగూడ గుట్ట మీద శివరాత్రి జాతర, ఫ్యాక్టరీలకు కావాల్సిన సేఫ్టీ ట్రైనింగ్ వీడియోలు, వెంచర్ల డ్రోన్ షాట్లు అన్నీ ఆ చిన్న మిక్సింగ్ గదుల్లోంచే బయటికొస్తాయి. కెమెరాలు 4కెకి మారిపోయాయి. టేబుల్ కింద సీపీయూ మాత్రం చాలాచోట్ల ఫుల్ హెచ్‌డీ కాలం నాటిదే. పైగా 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు ఆగింది. ఇంటెల్ ఎనిమిదో తరం కన్నా పాత ప్రాసెసర్లలో దాదాపు వేటినీ విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. దాంతో ఈ కొనుగోలు ఇక వాయిదా వేయలేనిదైంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లేవాళ్ల మనసులో మొదట ఉండే ప్రశ్న ఒక్కటే: ఏ గ్రాఫిక్స్ కార్డు వేయించాలి? నా లెక్కలో అది చివరి ప్రశ్న. మొదట చూడాల్సింది కెమెరా మెనూ.

ఎందుకో తెలియాలంటే కొంచెం లెక్క వేయాలి. ఫుల్ హెచ్‌డీ ఫ్రేములో సుమారు 21 లక్షల పిక్సెళ్లుంటే 4కెలో 83 లక్షలు. 8-బిట్ 4:2:0 రంగుతో సెకనుకు 25 ఫ్రేములు కుదించకుండా దాచాలంటే సెకనుకు దాదాపు 2,500 మెగాబిట్లు కావాలి. కెమెరా మాత్రం దాన్ని 100 మెగాబిట్లకు, అంటే ఇరవై అయిదో వంతుకు నొక్కి కార్డు మీద రాస్తుంది. ప్రతి ఫ్రేమునూ పూర్తిగా రాయదు. ఒకటి పూర్తిగా రాసి, ఆ తర్వాతి వాటిలో మారినంత మేరకే రాసుకుంటూ పోతుంది. చూసేటప్పుడు వరసగా ముందుకే పోతాం కాబట్టి ఇబ్బంది ఉండదు. మిక్సింగ్‌లో అలా కుదరదు. తలంబ్రాల షాట్ మధ్యలో కట్ పెట్టి రెండు ఫ్రేములు వెనక్కి జరిపితే, కంప్యూటర్ ఆ గుంపు మొదటి ఫ్రేము దగ్గరికెళ్లి అక్కణ్నుంచి మళ్లీ విప్పుకుంటూ రావాలి. టైమ్‌లైన్ ఆగి ఆగి నడిచేది ఎక్కువగా ఇక్కడే. హెచ్.265 ఫైలైతే హెచ్.264 కన్నా ఇంకా గట్టి ముడి.

ఆ ముడి విప్పడానికే చిప్‌లో ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది. ఇంటెల్ దాన్ని క్విక్ సింక్ పేరుతో 2011 నుంచి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో కలిపి ఇస్తోంది. మన పెళ్లి మిక్సింగ్‌లో బాగా వాడే ఎడియస్ దాని మీదే చాలా ఏళ్లుగా ఆధారపడింది. ఎన్విడియా కార్డుల్లోనూ అలాంటి భాగం ఉంది, కానీ ఏ కార్డు ఏ ఫైలు విప్పుతుందన్నది వేరే సంగతి. కొత్త కెమెరాల్లో రంగు బాగా నిలిచే 10-బిట్ 4:2:2 రికార్డింగ్ ఉంటుంది. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090, ఎన్విడియా 40 సిరీస్ కార్డుల్లో అన్నిటికన్నా ఖరీదైనది, ఆ ఫైలును హార్డ్‌వేర్‌లో విప్పలేదు. ఎన్విడియాలో ఆ సౌకర్యం 2025లో 50 సిరీస్‌తోనే వచ్చింది. అదే ఫైలు హెచ్.265లో ఉంటే 2021 నాటి ఇంటెల్ పదకొండో తరం ఐ5లోని మామూలు గ్రాఫిక్స్ విప్పేస్తుంది. హెచ్.264లో ఉంటే ఆ తరం నుంచి పద్నాలుగో తరం దాకా అదీ విప్పలేదు. సోనీ మెనూలో ఎక్స్‌ఏవీసీ ఎస్ (హెచ్.264), ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ (హెచ్.265) అని కనిపించే రెండు మాటల మధ్య తేడా ఇదే. ఇక అసెంబుల్డ్ సిస్టమ్ కొటేషన్లలో తరచూ కనిపించే ఐ5-12400ఎఫ్ సంగతి. చివర ఉన్న ఆ ‘ఎఫ్’కి అర్థం లోపల గ్రాఫిక్స్ లేదని. కొద్ది మొత్తం మిగులుతుంది, దాంతోపాటే క్విక్ సింక్ పోతుంది. గేములు ఆడేవాడికి అది లాభసాటి బేరమే. మిక్సింగ్ చేసేవాడికి మాత్రం ఇంత తెలివితక్కువ పొదుపు ఇంకోటి లేదు.

రంగు దిద్దాలన్నా, చీకటి షాట్లలో నాయిస్ తీయాలన్నా కార్డే కదా కావాలి అని అడగొచ్చు. నిజమే. డావిన్సీ రిజాల్వ్‌లో పని చేసేవాళ్లకు కార్డు బలం, దాని మెమరీ తప్పనిసరి. కాకపోతే మూడు కెమెరాల రష్ చూసి, కట్ చేసి, పాట వేసి, టైటిల్ పెట్టే పనే రోజులో సింహభాగమైన స్టూడియోకి ఆ మాట అంతగా వర్తించదు. అనుమానముంటే తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. టైమ్‌లైన్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ పేజీలో జీపీయూ మీద నొక్కితే ‘వీడియో డీకోడ్’ అనే గీత కనిపిస్తుంది. ప్రాసెసర్ నూటికి నూరు కొడుతూ ఆ గీత నేల మీదే ఉంటే, ఫైలు హార్డ్‌వేర్‌కి అందడం లేదన్నమాట. ఉన్నదానికన్నా పెద్ద కార్డు వేసినా, అదీ ఆ ఫార్మాట్ విప్పలేనిదైతే, ఆ గీత లేవదు.

మిక్సింగ్ కోసం చేసుకునే తేలికపాటి కాపీలు, అంటే ప్రాక్సీల సంగతి ఎత్తితే చాలామంది మొహం చిట్లిస్తారు. ఒరిజినల్‌ని ఫుల్ హెచ్‌డీ ప్రోరెస్ ప్రాక్సీగా మార్చుకుంటే గంటకు 17 జీబీ దాకా అదనపు చోటు కావాలి, మార్చడానికి టైమూ పడుతుంది. ముహూర్తాల సీజన్లో అంత తీరిక ఎక్కడిది అంటారు. కానీ ఆ పని రాత్రి మనిషి లేకుండా జరిగేది. ప్రాక్సీలో ప్రతి ఫ్రేమూ విడిగా ఉంటుంది కాబట్టి పాత సిస్టమ్ మీద కూడా కట్ చకచకా పడుతుంది. ఫైనల్ రెండర్‌కి ఒరిజినలే వెళ్తుంది గనక పెళ్లివారికిచ్చే 4కె పెన్‌డ్రైవ్‌లో క్వాలిటీ తగ్గదు. అయిదేళ్ల దాకా చూసుకోనక్కర్లేకుండా ఇప్పుడే అన్నిటికన్నా పెద్దది కొనేయాలన్న వాదన మీద నాకు నమ్మకం లేదు. 2022లో అలా అనుకుని 4090 కొన్నవాళ్లకు 4:2:2 ఫైలు దగ్గర ఏం దక్కిందో చూశాం.

డిస్కుది వేరే లెక్క. 100 మెగాబిట్ల ఫైలు గంటకు 45 జీబీ. మూడు కెమెరాలు తలా ఆరు గంటలు తిరిగితే ఒక పెళ్లికి 810 జీబీ. ఒక్క ఫైలు నడపడానికి మామూలు హార్డ్‌డిస్క్ సరిపోతుంది. మూడు కెమెరాలు ఒకేసారి తెరిస్తే దాని ముల్లు మూడు చోట్లకూ పరుగెత్తాలి. అందుకే నడుస్తున్న పనికి ఎస్‌ఎస్‌డీ, దాచడానికి హార్డ్‌డిస్క్‌లు. అవీ రెండు కాపీలుండాలి, తాళి మళ్లీ కట్టించలేం కదా. 2025 చివరినుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఇప్పుడు 32 జీబీతో మొదలుపెట్టి, మదర్‌బోర్డులో రెండు స్లాట్లు ఖాళీగా వదలడం మేలు.

కరెంటును కొటేషన్‌లో ఎవరూ రాయరు. చుట్టూ వెల్డింగ్ షాపులు, మోటార్లు నడిచే వీధుల్లో వోల్టేజీ ఒక్కసారిగా పడిపోవడం మామూలే, మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలుకన్నా అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. మామూలుగా వాడే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లు. 4090 ఒక్కటే 450 వాట్లు లాగగలదు. రెండర్ మధ్యలో కరెంటు పోతే ఆ యూపీఎస్ ఉండీ లేనట్టే. కాబట్టి డబ్బు ఖర్చు పెట్టే వరస ఇలా ఉండాలి: ఎఫ్ లేని ప్రాసెసర్, పని కోసం ఎస్‌ఎస్‌డీ, మొత్తం సిస్టమ్ లాగే వాట్లకు సరిపడా యూపీఎస్. అవన్నీ పోగా మిగిలినదాంతో ఏ కార్డు వస్తే ఆ కార్డు.