కొలిమి దగ్గర కూర్చున్నవాళ్లు

పల్నాడులో మా రెంటచింతల చుట్టుపక్కల బీళ్లలో తంగేడు, జిల్లేడు ఎవరూ నాటకుండానే పెరుగుతాయి. ఈ రెండు మొక్కలకూ ఉక్కు చరిత్రలో చోటుంది. దక్షిణాది కమ్మర్లు మట్టి మూసలో ఇనుప ముక్కలు వేసి, తంగేడు పుల్లలు పెట్టి, జిల్లేడు ఆకు కప్పి, మూతిని మట్టితో మెత్తేవారు. కొలిమి వేడికి పుల్లా ఆకూ లోపలే బొగ్గై, ఆ కార్బన్ ఇనుములోకి ఎక్కేది. ఒకటిన్నర శాతం దాకా కార్బన్ పట్టిన ఆ ఉక్కు ముద్దనే ప్రపంచం వూట్జ్ అన్నది.

ఇప్పుడు మిశ్రలోహాల పరిశోధన కోసం రెండు మూడు దేశాల సంస్థలు ఒప్పందం రాసుకోవడం మామూలే. 1973లో హైదరాబాద్‌లో ప్రత్యేక మిశ్రలోహాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ మిధాని పెట్టినప్పుడు ఫ్రాన్స్, జర్మనీ కంపెనీల సాంకేతిక సాయం తీసుకున్నారు. అలాంటి రాకపోకలు తెలుగు నేలకు కొత్త కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం సంగతి చూడండి. బ్రిటిష్ అధికారి లాంబ్టన్ నడిపిన భూమి కొలతల సర్వేలో వైద్యుడుగా, భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసిన హెన్రీ వాయిసీ ఆ ఊరి కొలుములు చూసి రాసుకున్నాడు. ఆయన 1824లో పోయాడు, ఆ రాత 1832లో కలకత్తాలో అచ్చయింది. కోనసముద్రం కమ్మర్లు ఏదో ఒక ఇనుముతో సరిపెట్టుకోలేదు. మిట్‌పల్లి ఇనుము మూడు పాళ్లు, కొండాపురం ఇనుము రెండు పాళ్లు కలిపేవారు. కరిగింది గట్టిపడ్డాక ఆ ముద్దకు మట్టి పూసి మళ్లీ గంటల తరబడి కాక పెట్టేవారు. సుత్తి దెబ్బకు పగలనంత మెత్తబడేదాకా మూడు నాలుగు సార్లు అదే పని.

వాయిసీ వెళ్లేసరికి ఇస్ఫహాన్ వర్తకుడు హాజీ హుసేన్ అక్కడే ఉన్నాడు. పర్షియావాళ్లు తమ దేశంలో ఈ ఉక్కు చేయబోయారు, కుదరలేదు. అందుకే అంత దూరం వచ్చి, కొలిమి దగ్గరే కూర్చుని, తూకాలు దగ్గరుండి చూసుకుని పట్టుకుపోయేవారు. నా దృష్టిలో అసలైన భాగస్వామ్యం అదే.

లండన్‌లో మైకేల్ ఫారడేకి ఆ అవకాశం లేదు. ఆయన కమ్మరి కొడుకు, లోహం మీద ప్రేమ ఉన్నవాడు. చేతిలో వూట్జ్ ముద్ద ఉంది గానీ దాన్ని చేసిన మనిషి పక్కన లేడు. 1819లో ఆ ముద్దను పరీక్షించి, దాని గొప్పతనమంతా అల్యూమినియం, సిలికాన్ వల్లేనని తేల్చాడు. అసలు రహస్యం కార్బన్ దగ్గరుంది. అయినా ఆ వెతుకులాటలో, కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి ఉక్కులో వెండి, ప్లాటినం, రోడియం కలిపి చూశాడు. మిశ్రలోహపు ఉక్కు మీద శాస్త్రీయ పరిశోధన అక్కడ మొదలైందంటారు. మన కమ్మరి చేసిన ముద్ద ఫారడేను ఆ దారి పట్టించిందని తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

వూట్జ్ ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తుల మీది అలల చారల గుట్టు విప్పింది కూడా జంటే. అమెరికాలో అయోవా ప్రొఫెసర్ జాన్ వర్‌హోవెన్, గుర్రాలకు నాడాలు కొట్టే కమ్మరి ఆల్ఫ్రెడ్ పెండ్రే కలిసి ఏళ్లపాటు పనిచేశారు. శాతంలో వందో వంతు లెక్కన ఉండే వెనేడియం లాంటి మలినాలే ఆ చారలకు మూలమని 1998లో రాశారు. ఖనిజం మారితే చారలు పోతాయి. అది చదివాక, కోనసముద్రం కమ్మరి రెండు ఊళ్ల ఇనుమును లెక్క తప్పకుండా ఎందుకు కలిపాడో నాకు కొత్తగా కనిపించింది. వెనేడియం పేరు అతనికి తెలియదు. ఏ ఊరి ఇనుము ఏం చేస్తుందో అతనికి తెలుసు.

2010లో ఇంగ్లాండ్ ఎక్సెటర్ విశ్వవిద్యాలయం నుంచి గిల్ జూలెఫ్, బెంగళూరు నుంచి శారదా శ్రీనివాసన్, తెలంగాణ ఇనుము చరిత్ర మీద పనిచేసిన ఎస్. జైకిషన్ తదితరులు కలిసి ఉత్తర తెలంగాణ పల్లెలు తిరిగి చిట్టెం కుప్పలు, మూస పెంకులు నమోదు చేశారు. ప్రయోగశాల గడప దాటి ఊళ్లోకి వచ్చిన ఆ పద్ధతి నాకు నచ్చింది. పల్నాడులోనూ అది జరగాలి. కారంపూడిలో పల్నాటి యుద్ధ వీరుల ఆయుధాలకు ఏటా పూజలు చేసే సీమ ఇది. ఆ లోహాన్ని మలిచిన చేతుల గురించి మాత్రం మనం మాట్లాడుకోం.

కర్రుకు పదును పెట్టేటప్పుడు కాలిన ఇనుము ఏ రంగుకు వచ్చాక నీళ్లలో ముంచాలి, ఏ కట్టె బొగ్గు నిలకడగా కాలుతుంది అన్నవి చెప్పగల ముసలి కమ్మర్లు ఊళ్లలో ఇంకా ఉన్నారు. ట్రాక్టర్లు వచ్చాక వాళ్ల దగ్గరికి కర్రు పట్టుకెళ్లేవాళ్లు తగ్గిపోయారు. రేపు ఏ రెండు దేశాలు కలిసి పాత లోహవిద్య మీద ఒప్పందం రాసుకున్నా, అందులో ఒక కమ్మరికి జీతం, పరిశోధన పత్రంలో అతని పేరు ఉండాలని అడుగుతున్నాను.