దొరకని ముక్క

ఇంజిన్ హీటెక్కుతోందని బానెట్ ఎత్తిస్తే, హోస్ పైపు కాస్త కదపగానే అది ఎక్కే ప్లాస్టిక్ మూతి పుటుక్కున విరగడం ఇప్పుడు ఏ షెడ్డులోనైనా మామూలే. ‘నువ్వే విరగ్గొట్టావు’ అని బండి ఓనరు, ‘చెయ్యి పెట్టకముందే పోయిందండీ’ అని మెకానిక్ వాదించుకుంటూండగా పాత పార్టు చెత్తలోకి పోతుంది, కొత్తది అట్టపెట్టెలోంచి బయటికొస్తుంది. విరిగినది మొత్తం బయటికొచ్చిందా అని మాత్రం ఆ గొడవలో ఎవరూ అడగరు. నన్నడిగితే, కొత్త పార్టు బిగించినంత మాత్రాన కూలింగ్ సిస్టం రిపేరు పూర్తికాదు. పాతదాని ముక్కలన్నీ ఒకచోట పేర్చి, ఏదీ తక్కువ కాలేదని తేల్చుకున్నాకే పూర్తవుతుంది.

ముందు ఆ తగవు సంగతి చూద్దాం. రేడియేటర్ ట్యాంకులు, థర్మోస్టాట్ హౌసింగులు, హోసులు ఎక్కే మూతులు చాలా కార్లలో నైలాన్ 66తో చేసినవే. బలం కోసం అందులో గాజు పోగులు కలుపుతారు, తరచు 30 శాతం దాకా. 1935లో డ్యూపాంట్ ప్రయోగశాలలో వాలెస్ కరోదర్స్ చేసిన నైలాన్ ఇదే. టూత్‌బ్రష్ కుచ్చులుగా, ఆడవాళ్ల మేజోళ్లుగా లోకానికి పరిచయమై చివరికి ఇంజిన్ పక్కకు చేరింది. రెండు రకాల అణువులు గొలుసుకట్టుగా కలిసేటప్పుడు మధ్యలోంచి నీరు బయటికి పోతేనే నైలాన్ తయారవుతుంది. ఏళ్ల తరబడి వేడి నీళ్లు తగులుతూ ఉంటే ఈ పని వెనక్కి తిరుగుతుంది. పోయిన నీరు మళ్లీ చొరబడి గొలుసును అక్కడక్కడా తెంచుతుంది. బండి నడుస్తున్నంతసేపూ కూలెంట్ 90 డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది. పైగా మూత బిగించి ఉండటంతో ఒక బార్ దాకా ఒత్తిడి, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు కిలో బరువు. ముదిరిన పార్టు విరిగిన అంచును గోటితో గీరి చూడండి, సుద్దలా రాలుతుంది. ఆ స్థితికి వచ్చిన పార్టు షెడ్డులో విరగకపోతే మే నెల మధ్యాహ్నం సూర్యాపేట దాటాక హైవే మీద విరుగుతుంది. షెడ్డులో విరగడమే నయం. అయితే అతుక్కుపోయిన హోసును ప్లయర్‌తో పట్టి మెలిపెట్టేవాళ్లూ లేకపోలేదు, వాళ్లను వెనకేసుకురాను. బండి పాతదైతే ‘తీసేటప్పుడు ఇది విరగొచ్చు’ అని పని మొదలుపెట్టకముందే చెప్పే మెకానిక్‌కు సగం తగవు తప్పుతుంది.

ఇక ముక్కల సంగతి. దీనికి పేరుమోసిన ఉదాహరణ అమెరికాలో ఉంది. జనరల్ మోటార్స్ వాళ్ల 3800 సిరీస్ వీ6 ఇంజిన్లలో ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌కు, పక్కనున్న బ్రాకెట్‌కు మధ్య కూలెంట్‌ను చేరవేసే చిన్న ప్లాస్టిక్ ఎల్బోలు రెండుంటాయి. ఖరీదు చూస్తే కొద్ది డాలర్లే. వయసు మీరాక అవి పెళుసెక్కి, బయట కనిపించే భాగం చేతిలోకి ఊడొచ్చి, లోపలి మొండెం రంధ్రంలోనే ఉండిపోతుంది. చదువుకోవడానికి వెళ్లి పాత బ్యూక్, పాంటియాక్ కొనుక్కున్న మన పిల్లల్లోనూ కొందరికి ఈ ఎల్బోలతో పరిచయం ఉండే ఉంటుంది. విరిగిందని తెలిశాక చాలామందికి వచ్చే మొదటి ఆలోచన స్క్రూడ్రైవర్ పెట్టి పొడవడం. పొడిస్తే రెండు నష్టాలు. ఒకటి, ముక్కలు లోపలికి జారిపోతాయి. రెండోది, ఓ-రింగ్ ఆనుకోవాల్సిన అల్యూమినియం గోడ మీద గీత పడుతుంది. గీత పడితే కొత్త పార్టు వేసినా చెమర్చడం ఆగదు.

నిదానం తెలిసిన చెయ్యి వేరేలా పోతుంది. ముందు గ్రీజు రాసిన గుడ్డ ఉండకు దారం కట్టి, దాన్ని రంధ్రం లోతుకు దూర్చి, దారం కొసను బయట వదలాలి. తర్వాత విడి హ్యాక్సా బ్లేడును ఒక చివర గుడ్డ చుట్టి పట్టుకుని, పళ్లు తనవైపు తిరిగేలా మొండెం లోపల పెట్టి లాగాలి. అలా లాగితే పొడి బయటికే వస్తుంది. వేలెడు దూరంలో రెండు గాళ్లు, అదీ ప్లాస్టిక్ మందం పూర్తిగా తెగకుండా, అల్యూమినియం తగలకముందే ఆపాలి. ఆ రెండు గాళ్ల మధ్య చీలికను సన్నటి ఉలితో లోపలివైపుకు వంచితే టప్పున విడిపోతుంది. ఒక్క చీలిక వచ్చిందంటే మిగతా ఉంగరం పట్టు వదిలేస్తుంది. చివర్న దారం లాగితే గుడ్డకు అంటుకున్న నలుసులతో సహా బయటపడుతుంది. మొండెం హోస్‌లో ఇరుక్కుంటే ఇంత తంటా అక్కర్లేదు, హోస్‌ను నిలువునా కోసేయడమే. ఎలాగూ దానికీ అంతే వయసు.

‘చిన్న నలుసులేగా, ఏం చేస్తాయి, రేడియేటర్‌లో ఆగిపోతాయి’ అంటారు కొందరు. అది కొంతవరకు నిజమే. రేడియేటర్ గొట్టాలు లోపల ఒకటి రెండు మిల్లీమీటర్ల సందే కాబట్టి అంతకన్నా పెద్ద ముక్క వాటి మూతుల దగ్గరే నిలబడుతుంది. కానీ అక్కడికి చేరేలోపు థర్మోస్టాట్ ఉంది. అది పూర్తిగా తెరుచుకున్నా సందు ఒక సెంటీమీటరుకు అటూఇటూ. దాని అంచుకింద ఒక పెంకు ఇరుక్కుంటే వాల్వ్ మూసుకోదు, ఇంజిన్ త్వరగా వేడెక్కదు. బండి లోపలికి వెచ్చదనం ఇచ్చే హీటర్ కోర్‌లో గొట్టాలు రేడియేటర్‌లో కన్నా తక్కువ, అక్కడ ముక్క దిగితే ఆ దారి కొంత మూతపడుతుంది. ఇంట్లో గాజు గ్లాసు పగిలితే చీపురుతో ఊడ్చి, మళ్లీ తడిగుడ్డతో అద్ది, రెండు రోజులు చెప్పులేసుకుని తిరుగుతాం. ఇక్కడ మాత్రం కూలెంట్ పోసి స్టార్ట్ చేసేస్తాం.

‘ఎమ్‌సీల్ పెడితే సరి’ అన్నది మరో వాదం. దారిలో ఆగిపోయినప్పుడు ఊరు చేరడానికి పనికొస్తుందేమో, కాదనను. అయితే నైలాన్‌కు అతుకు సరిగా పట్టదు. పైగా వేడి, చలి మారినప్పుడల్లా అతుకు ఒక కొలతలో, గోడ ఒక కొలతలో సాగుతాయి. ఊడిన అతుకే రేపు కొత్త ముక్కవుతుంది. అంబాసిడర్ కాలంలో రాగి, ఇత్తడి రేడియేటర్‌కు టంకం పెట్టినట్టు దీనికి పెట్టలేం. ఎల్బోల్లాంటి చిన్నవాటికి అల్యూమినియం బదులు పార్టులు దొరుకుతాయి, వేసుకోవచ్చు. కాకపోతే బోరు నీళ్లు పోసే అలవాటు మానకపోతే అల్యూమినియానికీ తుప్పు తప్పదు.

అసలు బలమైన అభ్యంతరం లేబర్ ఖర్చు. మూడొందల పార్టు వేయడానికి అరగంట, దాని ముక్కలు వెదకడానికి రెండు గంటలు. బిల్లులో ‘ముక్కలు వెదికినందుకు’ అని రాస్తే ఏ ఓనరు ఒప్పుకుంటాడు? నా ఉద్దేశంలో తేల్చాల్సింది ఇదే. పాత న్యూస్‌పేపర్ మీద ఆ ముక్కల్ని గుండ్రంగా పేర్చి ఓనరుకు చూపించమనండి. అంతా సరిపోయిందంటే ఆ రెండు గంటలకు డబ్బు ఇవ్వడానికి సందేహించే ఓనర్లు తక్కువే ఉంటారు. ఒకచోట ఖాళీ కనిపించిందనుకోండి, అప్పుడు థర్మోస్టాట్ తీసి చూడాలి, కింది హోస్ విప్పి నీటిని వెనక్కి కొట్టాలి, బయటికొచ్చిన నీళ్లను వలగుడ్డలో వడకట్టాలి. గోరంత పెంకు ఆ గుడ్డలో తేలితే తీసుకొచ్చి పేపర్ మీద ఆ ఖాళీలో పెట్టి చూసుకోవాలి.