44వ నంబరు రోడ్డు మీద చీనీ లోడు

వానలు అరకొరగా పడే అనంతపురం జిల్లాలో బోరునీళ్లతో పండించిన చీనీకాయ (బత్తాయి) ఢిల్లీ మండీకి చెడకుండా చేరుతోందంటే, రైతు తర్వాత దండం పెట్టాల్సింది లారీ డ్రైవరుకే. ఆ లోడు వెళ్లే దారి, శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా సాగే 44వ జాతీయ రహదారి, గుత్తి, అనంతపురం, పెనుకొండల మీదుగానే పోతుంది.

డ్రైవరు పనితనం బండి కదలకముందే కనిపిస్తుంది. ఇనుప రాడ్డుతో ఒక్కో టైరునూ కొట్టి చూస్తాడు. గాలి నిండుగా ఉంటే రాడ్డు ఎగిరి వెనక్కొస్తుంది, తగ్గితే మొద్దుగా మోగుతుంది. వెనక జంట టైర్ల మధ్య ఇరుక్కున్న రాయిని పొడిచి తీస్తాడు. వదిలేస్తే అది టైరును కోసేస్తుంది. టార్పాలిన్‌ను కాయ తడవకుండా, గాలి ఆడేలా కడతాడు. దిగుడులో గేరు తగ్గించి, ఇంజను బిగువుతోనే బండిని అదుపులో పెట్టి, బ్రేకులు వేడెక్కకుండా కాచుకుంటాడు.

ఇలాంటి అనుభవం రాసిపెడితేనే నిలుస్తుంది. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య తాను చూసిన దారినీ మజిలీలనూ రాసిపెట్టారు కాబట్టే ఆనాటి ప్రయాణం మనకు తెలుసు. మన డ్రైవర్లకూ అంతటి దారిజ్ఞానం ఉంది. దాన్ని వాళ్ల చేత చెప్పించి, తెలుగులో పుస్తకాలుగా వేయాల్సిన బాధ్యత మనది.