శాస్త్ర గ్రంథములకు పరిష్కర్త

తెలుగులో వెలువడు విజ్ఞానశాస్త్ర గ్రంథమును దేనినైనను చేతికి తీసికొని, మొదటి పుటలను, చివరి పుటను తిరగవేసి చూడుడు. మొదట ఇద్దరు ముగ్గురు పెద్దలు వ్రాసిన పీఠికలు, అభినందనములు ఉండును. చివర, గ్రంథకర్త నిజాయితీపరుడైనచో, ఒక తప్పొప్పుల పట్టిక ఉండును. ఈ రెంటి నడుమ, వ్రాతప్రతిని పంక్తి పంక్తిగా చదివి, "ఇది నాకు బోధపడలేదు, ఇక్కడ లెక్క కుదరలేదు" అని గ్రంథకర్తను నిలదీసిన మనిషి ఎవరైన ఉన్నారా యని వెదకినచో పెక్కు పుస్తకములలో అట్టి జాడ కానరాదు. అట్టమీద బొమ్మ వేసినవానికి పారితోషికము ముట్టును. కాగితమునకు, అచ్చునకు, కుట్టునకు లెక్క కట్టుదురు. ఈ ఒక్క పనికి మాత్రము పద్దు ఉండదు. మన శాస్త్ర గ్రంథముల లోపములలో అనేకములకు మూలము ఇదియే యని నా అభిప్రాయము. గ్రంథకర్తలకు శాస్త్రము తెలియక కాదు. తెలుగు చాలక అంతకన్నను కాదు.

పరిష్కర్త యనగా అచ్చుతప్పులు దిద్దువాడని చాలమంది తలంతురు. ప్రూఫులు చూచువాడు వ్రాతప్రతిలో నున్నది అచ్చులోనికి సరిగా దిగినదా యని చూచును. వ్రాతప్రతిలో నున్నదే తప్పైనచో ఆ తప్పును చక్కగా అచ్చువేయించును. పరిష్కర్త పని అంతకు ముందే మొదలగును. అది ఎట్టి పనియో తెలిసికొనుటకు న్యూటన్ మహాశయుని ‘ప్రిన్సిపియా’ చరిత్రను మించిన ఉదాహరణము నాకు తోచుట లేదు.

ఆ గ్రంథము తొలిసారి 1687లో వెలువడెను. రెండవ ముద్రణము 1713లో వచ్చెను. దాని భారమును వహించినవాడు కేంబ్రిడ్జిలో ఖగోళశాస్త్ర ఆచార్యుడైన రోజర్ కోట్స్. 1709లో పని ప్రారంభమైనప్పుడు ఆయనకు 27 ఏండ్లు, న్యూటన్‌కు 66. ఉపపత్తులన్నింటిని పరీక్షించు శ్రమ పెట్టుకొనవలదని న్యూటన్ ఆయనకు మొదటనే వ్రాసెను. కోట్స్ ఆ మాట పాటింపలేదు. ప్రతి లెక్కను తాను మరల చేసి చూచి, సందేహము వచ్చినచోటనెల్ల ఉత్తరము వ్రాసెను.

అందులో ఒక సందేహమును కొంచెము వివరముగా చెప్పవలెను. తొట్టి అడుగున రంధ్రము చేసినచో నీరు ఎంత వేగముతో వెలువడును? నీటిమట్టమంత ఎత్తునుండి పడిన వస్తువు పొందు వేగమే ఆ నీటికిని ఉండునని ఇటలీ దేశీయుడగు టారిసెల్లి అంతకు ముందే చెప్పియుండెను. రంధ్రమునకు పైకి తిరిగిన గొట్టమును అమర్చినచో ధార ఇంచుమించు తొట్టిలోని మట్టము వరకు ఎగయుట దీనికి సాక్ష్యము. కాని 1687 నాటి ప్రతిలో న్యూటన్ వేరొక ఫలితమునకు వచ్చెను. ఆయన లెక్క ప్రకారము ఆ వేగము సగము ఎత్తునుండి పడిన వస్తువు వేగమునకే సమానము. ఇది అనుభవముతో పొసగుట లేదని కోట్స్ ఆక్షేపించెను.

చిక్కు ఏమనగా, ఒక నిమిషములో పడిన నీటిని కొలిచి, రంధ్ర వైశాల్యముచే భాగించి చూచినచో వేగము టారిసెల్లి చెప్పినదానికన్న చాల తక్కువగా వచ్చును. ఎగయు ధార ఒకటి చెప్పును, కొలపాత్ర మరియొకటి చెప్పును. న్యూటన్ తిరిగి ప్రయోగములకు దిగెను. రంధ్రము దాటిన వెంటనే ధార సన్నబడుచున్నదని అప్పుడు తేలెను. రంధ్రపు వ్యాసము 25 భాగములైనచో ధార వ్యాసము 21 భాగములు మాత్రమే యుండెను. వైశాల్యముల నిష్పత్తి వ్యాసముల వర్గములను బట్టి యుండును గనుక అది 625కు 441. అనగా నీరు వేగముగనే పోవుచున్నది. పోవు దారియే మనము అనుకొన్నదానికన్న ఇరుకు. 1713 ప్రతిలో ఈ భాగమంతయు క్రొత్తగా వ్రాయబడెను. నేడు జలశాస్త్రము చదువు ప్రతి విద్యార్థియు ధారా సంకోచమును గూర్చి నేర్చుచున్నాడు. ఒక పరిష్కర్త తల యూపి ఊరకుండనందున ఆ విషయము ఆ గ్రంథమున చేరినది.

కోట్స్ కన్ను గప్పి దాటిపోయిన దోషములును లేకపోలేదు. నిరోధము గల యానకములో వస్తు చలనమును గూర్చిన ఒక ప్రతిపాదనలో తప్పు కలదని 1712లో బెర్నూలి వంశీయులు పట్టుకొనిరి. అప్పటికే ఆ భాగము అచ్చయి యుండుటచే ఆ పుటలను మరల అచ్చువేసి అతికింపవలసి వచ్చెను. పరిష్కర్త సర్వజ్ఞుడని నేను చెప్పుట లేదు. న్యూటన్ అంతవానికే ఇద్దరి ముగ్గురి కన్నులు కావలసివచ్చినవని మాత్రమే చెప్పుచున్నాను.

ఇంత చేసిన కోట్స్ పేరు న్యూటన్ తన ముందుమాటలో తలపెట్టనే లేదు. మొదటి ముద్రణమును నడిపిన హాలీ పరిస్థితియు ఇట్టిదే. రాయల్ సొసైటీ ధనమంతయు చేపలను గూర్చిన ఒక పెద్ద గ్రంథముపై వ్యయమైపోవుటచే ‘ప్రిన్సిపియా’ అచ్చు ఖర్చు హాలీయే భరించెను. పైగా ఆయనకు రావలసిన జీతము బదులు ఆ చేపల పుస్తకము ప్రతులనే ఇచ్చిరి! హాలీలు, కోట్స్‌లు ఉచితముగా దొరకుదురని నమ్ముకొని ఏ ప్రకాశకుడును కూర్చుండరాదు.

జీతమిచ్చి గ్రంథమును పరిష్కరింపజేయుట తెలుగువారికి క్రొత్త గాదు. సి. పి. బ్రౌన్ దొర కడపలో పండితులను జీతములపై నియమించి, తాళపత్ర ప్రతులను పోల్పించి, పాఠములను నిర్ణయింపజేసెను. జూలూరి అప్పయ్య మొదలగు పండితులు ఆ కొలువున పనిచేసినవారే. ఆ వ్యయము చాలవరకు బ్రౌన్ సొంత ధనమే. 1906లో స్థాపితమైన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలికి కొమర్రాజు లక్ష్మణరావుగారి వంటి సంపాదకుడు ఉండెను. కావ్యమునకు పరిష్కర్త కావలెనని మనకు తెలియును. ముఖపత్రముపై "పరిష్కర్త" యని పేరును వేయుదుము. రసాయనశాస్త్రమునకు వచ్చుసరికి ఆ అవసరము ఎందుకు మాయమైనదో నాకు అర్థము కాదు. పద్యములో ఒక అక్షరము తప్పినచో గణము చెడి చెవికి పట్టుబడును. శాస్త్రవాక్యములో తప్పు చెవికి వినబడదు.

మచ్చుకు ‘అణువు’ అను మాటను చూడుడు. మన పాఠ్యగ్రంథములలో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు కలిసి ఒక నీటి అణువు అగును. పత్రికలలోనో, అణుబాంబు, అణువిద్యుత్తు. ఈ రెండు వాడుకలును స్థిరపడిపోయినవి. వానిని మాన్పుట ఎవరి తరమును గాదు. అయితే ఒకే పుస్తకములో రెండవ ప్రకరణమున అణువునకు మొదటి అర్థము చెప్పి, తొమ్మిదవ ప్రకరణమున "అణువును ఛేదించినచో అపారమైన శక్తి వెలువడును" అని వ్రాసినచో చదువరి ఏమి కావలెను? మా విద్యార్థి యొకడు అట్టి పుస్తకము చదివి వచ్చి, నీటి అణువును ఛేదించినను అంత శక్తి వచ్చునా యని అడిగెను. అతని తర్కములో దోషము లేదు. ఛేదింపబడునది యురేనియం పరమాణువు యొక్క కేంద్రకమని ఆ వాక్యములో ఒక్క మాట చేర్చుమని గ్రంథకర్తకు చెప్పువాడు లేకపోయెను.

అంకెల సంగతి మరియు ఘోరము. ఇంగ్లీషు బిలియన్ అనగా మన నూరు కోట్లు. విశ్వము వయస్సు 1380 కోట్ల సంవత్సరములని నేటి అంచనా. అనువాదములో ఒక సున్న జారి 138 కోట్లయినట్లు నేను అచ్చులో చూచితిని. భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరములని ఆ పుస్తకమే వేరొకచోట చెప్పుచున్నది! తల్లికన్న బిడ్డ పెద్దదైనది. దీనిని పట్టుటకు ఖగోళశాస్త్రజ్ఞుడు అక్కరలేదు. నలుబదవ పుట చదువునపుడు పండ్రెండవ పుటను మరువనివాడు చాలును. గ్రంథకర్తకు ఇది సాధ్యము కాదు. తాను వ్రాసినదానిలో తన మనస్సునందున్నదే అతనికి కనబడును.

పరిష్కర్త ఆ శాస్త్రములో పండితుడు కానక్కరలేదనుటకు స్టీఫెన్ హాకింగ్ రచించిన కాలచరిత్ర నిదర్శనము. 1988లో వచ్చిన ఆ గ్రంథమునకు బాంటమ్ ప్రచురణ సంస్థలో పీటర్ గుజార్డి సంపాదకుడు. ఆయన భౌతికశాస్త్రజ్ఞుడు కాడు. తనకు అర్థము కాని ప్రతి అంశమునకు పుటలకొలది ప్రశ్నలు వ్రాసి పంపెను. హాకింగ్‌కు అది విసుగు పుట్టించినను, పుస్తకము బాగుపడినదని కృతజ్ఞతతో ఒప్పుకొనెను. అప్పటికి ఆయన స్వరమును గోల్పోయి, కంప్యూటరు సాయముతో ఒక్కొక్క మాట కూర్చుకొనుచుండినవాడు. అట్టివాడు ఆ ప్రశ్నలన్నింటికి సమాధానము చెప్పుటకు పూనుకొన్నపుడు, మనము తీరిక లేదనుట బాగుండదు.

స్నేహితునికి చూపిన చాలదా యందురు. స్నేహితుడు నాలుగు పుటలు చదివి "బ్రహ్మాండముగా నున్నది" అనును. మన ముఖము చూచి కఠినముగా చెప్పలేడు. వేతనము పుచ్చుకొన్నవానికి ఆ మొగమాటము ఉండదు. మన శైలిని చెరిపివేయుననెడి భయము కొంత న్యాయమే. ప్రతి వాక్యమును తన మూసలో పోయు పరిష్కర్తలును కలరు. కనుక మొదట ఒక ప్రకరణము మాత్రమే ఇచ్చి చూడవలెను. వానిలో ప్రశ్నలెన్ని, దిద్దుబాట్లెన్ని యని లెక్కించుడు. ప్రశ్నలు ఎక్కువగా నున్నచో మంచి పరిష్కర్త దొరికినట్లే. వేతనమును పుటల లెక్కనే నిర్ణయింపవలెను. దిద్దిన తప్పుల లెక్కన ఇచ్చినచో లేని తప్పులు పుట్టుకొనివచ్చును. ముఖపత్రము వెనుక ముద్రాపకుని పేరున్నచోటనే ఆతని పేరును వేయవలెను.